మా కథలో మంత్రగత్తె ఎవరు?

మాలో ఒకరు రాసిన జానపద నవల రాతప్రతిని పోయిన వేసవి సెలవుల్లో అందరం కూర్చుని చదువుకున్నాం. కథ ఇది. ఏడు గుట్టల అవతల ఒక రాజ్యం. రాజుకు అంతుపట్టని జబ్బు, రాజ్యానికి కరువు. చిన్న రాజకుమారుడు మూలిక కోసం అడవికి వస్తాడు. అడవిలో ఒక గూడెం. గూడెం పెద్ద కూతురు అతన్ని పాముకాటు నుంచి బతికిస్తుంది, వాగులు దాటిస్తుంది, దారి చూపిస్తుంది, ఆఖరికి అతని మీదికి వచ్చిన బాణానికి అడ్డుపడి చనిపోతుంది. గుట్ట మీద గుహలో జడలు కట్టిన జుట్టుతో ఒక ముసలమ్మ ఉంటుంది. పసిపిల్లల్ని ఎత్తుకుపోయే మంత్రగత్తె. రాజకుమారుడు ఆమెను చంపి మూలిక పట్టుకుపోతాడు. రాజు లేచి కూర్చుంటాడు, రాజ్యంలో వాన పడుతుంది. గూడెం ఏమైందో కథలో లేదు.

చదువుతున్నంతసేపూ బాగానే ఉంది. వాగు దాటే ఘట్టం దగ్గర అందరం ఊపిరి బిగబట్టాం. అయిపోయాక మాతో ఉన్న ఒక టీచరమ్మ అడిగింది: "ఆ ముసలమ్మ ఇల్లు మీ ఊళ్లో ఎక్కడ?" రాసినవారు నవ్వారు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. చేతిలో వేర్లు, నడుముకు సంచి, ఊరికి ఎడంగా గుడిసె, ఎవరికీ చెప్పని మందు. ఆ వర్ణన అంతా తమ నాయనమ్మదేనని ఒప్పుకున్నారు. ఊళ్లో సగం మంది ఆమె చేతుల్లోనే పుట్టారు. మంత్రసాని అనే మాటకూ మంత్రగత్తె అనే మాటకూ మధ్య దూరం ఎంతో ఆ రోజు దాకా మేము ఆలోచించలేదు.

రాసినవారిని ఒక్కరినే తప్పు పట్టి లాభం లేదు. ఆ సాయంత్రం మా పాత కథలన్నీ బయటికి తీశాం. గుహలో ముసలమ్మ మా అందరి దగ్గరా ఉంది. దారి చూపించి చనిపోయే అడవి పిల్ల కూడా ఉంది. మాలో బడిపంతులు ఒకరు తన తరగతిలో పిల్లవాడు రాసిన కథ చెప్పారు. అందులో ఈకలు పెట్టుకున్న మనుషులు మరిగే కాగు చుట్టూ గంతులు వేస్తుంటారు, స్తంభానికి హీరోను కట్టేసి ఉంటారు. రాసిన పిల్లవాడు కోయ పిల్లవాడు. వాళ్ల ఊళ్లో ఈకలూ లేవు, అంత పెద్ద కాగు పెళ్లికి తప్ప బయటికి రాదు.

ఇలా ఒక కథ నుంచి ఇంకో కథకు, చెప్పినవాళ్లకు తెలియకుండానే పాకిపోయే పాత్రలనూ మలుపులనూ మూసలు అందాం. మూస అంటే వెంటనే చెడ్డది అనుకోనక్కరలేదు. మూస లేకుండా కథ నిలబడదు. జైనూర్ వైపు ఓజా పనివాళ్లు మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పట్టించి, కాల్చి, కరిగిన కంచు పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే ఆ మట్టి మూసను పగలగొట్టాల్సిందే. ఇంకో బొమ్మకు ఇంకో మూస. మా కథల మూసలు ఆ రకానివి కావు. ఎవరో ఎప్పుడో చేసిన ఇనుప మూసలు అవి, మేము వాటిలో పోస్తూనే ఉన్నాం.

ఎక్కడ దొరికాయి అంటే వెతకనక్కరలేదు. 1947లో మొదలైన చందమామ మాలో చాలామందికి బడి బయట దొరికిన మొదటి పుస్తకం. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ లాంటి సీరియల్స్ కోసం నెల నెలా ఎదురుచూసిన ఇళ్లు ఉన్నాయి. ఆయన కథల రుచి మేము తిరస్కరించడం లేదు, ఇప్పటికీ చదువుతాం. 1951 నాటి పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు, బాలనాగమ్మ కథలో చిలకలో ప్రాణం దాచుకున్న మాయల మరాఠీ మా వేళ్లలోకి దిగిపోయారు. మాయాబజార్ (1957) ఘటోత్కచుడు అంటే పిల్లలకు ఎంత ఇష్టమో చెప్పనక్కరలేదు. హిడింబ కొడుకు, అడవి బిడ్డ, అంత మాయ తెలిసినవాడు. ఆ మాయంతా ఎవరి పెళ్లికి ఖర్చయిందో చూడండి. అడవికి శక్తి ఉంటుంది, ఆ శక్తితో పని ఊరివాళ్లకు ఉంటుంది. ఇదే మా రాజకుమారుడి కథ కూడా.

సొంత కథలో ఇలాంటి మూసను కనిపెట్టి, బయటికి చెప్పి, మళ్లీ అదే కథలోకి వెళ్లిన ఒక రచయిత్రి సంగతి ఇక్కడ చెప్పాలి. అమెరికా ఆవిడ, ఉర్సులా కె. లె గ్విన్ (1929-2018). అంత దూరపు మనిషితో మనకేం పని అంటారేమో. పని ఉంది. మాయలూ డ్రాగన్లూ ఉండే ఎర్త్‌సీ అనే ద్వీపాల లోకాన్ని ఆమె కల్పించారు. డ్రాగన్ అంటే రెక్కలుండి నిప్పు కక్కే మహాసర్పం. మొదటి నవల 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' 1968లో వచ్చింది. గాంట్ అనే కొండ ద్వీపంలో మేకలు కాచే కుర్రాడు గెడ్ పెద్ద మాంత్రికుడు కావడమే కథ. ఈ గెడ్ తెల్లవాడు కాడు. రాగి గోధుమ రంగు మనిషి. అతని స్నేహితుడు నల్లనివాడు. పడవల్లో వచ్చి ఊళ్లు తగలబెట్టేవాళ్లు తెల్లవాళ్లు. మాయల కథల్లో మంచివాడు తెల్లగా ఉండాలన్న మూసను ఆమె తెలిసే పగలగొట్టారు. ఆ సంగతి చాటింపు వేయకుండా, పాఠకుడు గెడ్‌ను ఇష్టపడిన తరువాత మెల్లగా తెలిసేలా రాశారు. 2004లో టీవీ వాళ్లు గెడ్‌గా తెల్ల నటుడిని పెట్టినప్పుడు ఆమె బహిరంగంగా అభ్యంతరం చెప్పారు.

అదే పుస్తకంలో ఇంకో మూసను ఆమె మోసుకొచ్చారు. గెడ్‌కు మొదటి మంత్రపు మాట నేర్పింది ఊళ్లో మందూ మాకూ చూసే తల్లి తోబుట్టువు. కానీ ఆ లోకంలో ఆడవాళ్ల మాయ అంటే బలం లేనిది, నమ్మరానిది అని సామెతలే ఉంటాయి. రోక్ ద్వీపంలోని మంత్రాల బడిలో మగపిల్లలకే చోటు. గెడ్ ఆ బడికి పోయాక ఆ తల్లి తోబుట్టువు కథలోంచి జారిపోతుంది. 1971లో వచ్చిన రెండో పుస్తకంలో టెనార్ అనే అమ్మాయి చీకటి సమాధుల్లో దేవతలకు అర్పించిన పూజారిణి. ఆమె గెడ్ ప్రాణం నిలుపుతుంది, గెడ్ ఆమెను బయటికి తెస్తాడు. ఆ తరువాత ఆమెకు ఆ లోకంలో చేయడానికి పని లేదు. 1972 నాటి మూడో పుస్తకంలో సింహాసనం మీదికి యువరాజు వస్తాడు, లోకం కుదుటపడుతుంది. చూశారా, మా రాతప్రతిలో వాన పడినట్టే.

నాలుగో పుస్తకం 'టెహాను' రావడానికి 18 ఏళ్లు పట్టింది. 1990లో వచ్చిన ఆ నవలలో టెనార్ నడివయసు రైతు ఇల్లాలు, భర్త చనిపోయాడు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఒంట్లో సగం కాలిపోయిన ఒక పసిపిల్లను తెచ్చి పెంచుకుంటుంది. ఆ పిల్లను కాల్చింది సొంతవాళ్లే. గెడ్ శక్తి అంతా పోగొట్టుకుని, సిగ్గుపడుతూ ఆ ఇంటికి చేరతాడు. గిన్నెలు కడగడం, మేకలు కాయడం, రాత్రి తలుపు గడియ వేసుకోవడం, భయపడడం: మాయల నవలలో ఇవన్నీ నిండా ఉంటాయి. ఊళ్లో మందులిచ్చే ముసలామెకు మొదటిసారి పక్కన కూర్చుని మాట్లాడే స్నేహితురాలు దొరుకుతుంది. 1992లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగంలో లె గ్విన్ తన మొదటి మూడు పుస్తకాల గురించి తానే మాట్లాడారు. వీరగాథ అంటే మగవాడి కథ అన్న సంప్రదాయంలో తాను హాయిగా ఇమిడిపోయి రాశానని, ఆ హాయిని అప్పుడు ప్రశ్నించలేదని ఆ ప్రసంగం సారాంశం. పాత పాఠకులు కొందరికి కోపం వచ్చింది. మా గెడ్‌ను ఇలా చేశావేమిటి అన్నారు.

మాకు నచ్చింది ఆమె పాత పుస్తకాలను దాచేయకపోవడం. వాటిని తిరగరాయలేదు కూడా. ఆ లోకం, ఆ మనుషులు, ఆ సామెతలు అలాగే ఉంచి, ఈసారి పొయ్యి దగ్గర కూర్చుని చూశారు. చూసే చోటు మారితే అవే సామెతలు వేరే రకంగా వినిపిస్తాయి.

అలాగని ఆమెను నెత్తిన పెట్టుకోనక్కరలేదు. 'టెహాను' ముగింపు మాకు రుచించలేదు. టెనార్‌నూ గెడ్‌నూ ఒక దుష్ట మాంత్రికుడు కుక్కల్లా కట్టి నడిపిస్తాడు. వాడిలో మచ్చుకైనా మనిషి కనిపించడు. సరిగ్గా వాళ్లు చచ్చిపోయే క్షణంలో ఆకాశం నుంచి డ్రాగన్ దిగి వాడిని కాల్చేస్తుంది. ఆ కాలిన పిల్ల డ్రాగన్ల బిడ్డ అని తేలుతుంది. ఇది మనకు బాగా తెలిసిన మూస. పశువులు కాచే కుర్రాడు చివరికి రాజుగారి తప్పిపోయిన కొడుకని తేలడం లాంటిదే. ఎవరూ పట్టించుకోని పిల్లకు విలువ రావాలంటే ఆమె ఇంకెవరో అయి ఉండాలా? కాలిన పిల్ల కాలిన పిల్లగానే ఉండి మనకు ముఖ్యం కాకూడదా? ఒక మూసను కనిపెట్టిన చేయి ఇంకో మూసలో పోసింది. పుస్తకం అట్ట మీద ఎర్త్‌సీ ఆఖరి పుస్తకం అని వేశారు, 2001లో ఆమె మళ్లీ అక్కడికే వచ్చారు. ఆ ఏడాది వచ్చిన 'ది అదర్ విండ్' లో చచ్చినవాళ్లు ఎండిన నేల మీద నీడల్లా తిరిగే చోటును ఆమె పునాదితో సహా కదిపారు. మొదటి పుస్తకం నుంచీ అది మారని సత్యంలా ఉన్న చోటు. అసలు ఆ నేల డ్రాగన్లదని, చావు లేకుండా ఉండాలన్న ఆశతో పూర్వం మాంత్రికులు దొంగిలించి గోడ కట్టారని తేలుతుంది. గోడ పడగొడితేగాని చచ్చినవాళ్లకు విడుదల లేదు. మాయ వెనుక భూమి తగాదా ఉందని ఆమెకు తెలియడానికి 33 ఏళ్లు పట్టింది. మన పిల్లలకు ఆ మాట చెబితే ఆశ్చర్యపోరు.

ఆమె పుట్టిన ఇంటి కథ కూడా మనకు సంబంధించినదే. తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ కాలిఫోర్నియా ఆదివాసుల గురించి రాసిన పేరున్న మానవశాస్త్రవేత్త. 1911లో ఓరోవిల్ అనే ఊరి దగ్గర ఒక ఆదివాసీ ఒంటరిగా బయటికి వచ్చాడు. అతని యాహి ప్రజలను తెల్లవాళ్లు వేటాడి చంపారు. సొంత పేరు పరాయివాళ్లకు చెప్పుకోవడం అతని ఆచారం కాదు, చెప్పలేదు. క్రోబర్ అతన్ని ఇషి అన్నాడు. వాళ్ల భాషలో ఆ మాటకు అర్థం మనిషి. ఇషి మ్యూజియంలో బతికాడు, క్షయతో 1916లో చనిపోయాడు. అతని మెదడును వేరు చేసి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు పంపారు, అది తిరిగి సొంతవాళ్లకు చేరింది 2000లో. ఉర్సులా తల్లి థియోడోరా క్రోబర్ 1961లో ఇషి జీవితం రాశారు, లక్షలమంది చదివారు. ఉర్సులా ఇషి చనిపోయిన చాలా ఏళ్లకు పుట్టారు. ఎర్త్‌సీలో ప్రతి మనిషికీ ఒక నిజమైన పేరు ఉంటుంది, దాన్ని ప్రాణంగా నమ్మినవాళ్లకే చెబుతారు. ఆ కల్పన ఇషి నుంచే వచ్చిందని మేము అనడం లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే మాత్రం గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఇక్కడ ఒక మూస ఉంది, అది నవలల్లో కంటే పరిశోధన గ్రంథాల్లో ఎక్కువ తిరిగింది. తన తెగలో చివరి మనిషి అనే మూస. చదివేవాళ్లకు కన్నీళ్లు వస్తాయి, పుస్తకం మూసేస్తే బాధ్యత కూడా మూసుకుపోతుంది. అదే క్రోబర్ ఓలోనీ ప్రజలు అంతరించిపోయారని 1925లో రాశాడు. వాళ్లు బతికే ఉన్నారు. ఆ రాత వాళ్ల గుర్తింపు హక్కుకు అడ్డు వచ్చింది. 2021లో బర్కిలీ విశ్వవిద్యాలయం ఒక భవనానికి ఉన్న ఆయన పేరు తీసేసిన కారణాల్లో అది కూడా ఒకటి. అడవి పిల్ల చనిపోవడం, గూడెం కథలోంచి మాయం కావడం మా రాతప్రతిలో ఎంత సులువుగా జరిగిపోయిందో అప్పుడు మళ్లీ గుర్తుకొచ్చింది.

మంత్రగత్తె మూస అయితే మన దగ్గర కాగితం మీద ఆగదు. చిల్లంగి పెట్టిందనో, బాణామతి చేసిందనో అనుమానించి ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు మన ప్రాంతాల నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. చంపినవాళ్లు చందమామ చదివి చంపలేదు, ఆ సంగతి మాకు తెలుసు. జ్వరానికి సమయానికి మందు దొరకని చోట, భూమి తగాదాలు ఉన్న చోట అనుమానం పుడుతుంది. కానీ ఎవరిని చంపితే ఊరికి వాన పడుతుందో చెప్పే కథను మేము కూడా రాసి, పిల్లలతో చదివించి, చప్పట్లు కొట్టించాం.

మాకు బయటి నుంచి అంటుకున్న మూసలు ఇవి. మేము సొంతంగా తయారుచేసుకున్నవీ ఉన్నాయి, వాటి గురించి మాట్లాడడం ఇంకా కష్టం. లె గ్విన్ 1972లో 'ది వర్డ్ ఫర్ వరల్డ్ ఈజ్ ఫారెస్ట్' అనే చిన్న నవల ప్రచురించారు. వియత్నాం యుద్ధం మీద కోపంతో రాసినది. అడవే లోకమైన ఒక గ్రహం, అక్కడి చిన్నపాటి పచ్చ బొచ్చు మనుషులు, కలప కోసం వచ్చి వాళ్లను బానిసలను చేసిన భూమి మనుషులు. మన పోడు కథ, మన కలప కథ అనిపిస్తుంది. దానికి బహుమతి కూడా వచ్చింది. తరువాత దాని ముందుమాటలో ఆమే ఒప్పుకున్నారు: కథ ఉపదేశం వైపు ఒరిగిందని, డేవిడ్‌సన్ అనే సైనికాధికారి పూర్తిగా దుష్టుడైపోయాడని, అలాంటి మనుషులు ఉంటారని తాను నమ్మనని.

మా కథల్లో షావుకారు, బీటు గార్డు, కాంట్రాక్టరు ఎలా ఉంటారో గుర్తు తెచ్చుకోండి. లావు పొట్ట, ఎర్ర కళ్లు, మీసం. వాళ్ల ఎదురుగా మనవాళ్లు. వాళ్ల గురించి పేపర్లో వచ్చే మాటే మేమూ రాస్తాం: అమాయక గిరిజనులు. ఈ మాట మీద మాకు చాలాకాలంగా కోపం ఉంది, అయినా మా కథల్లో అది లేని పేజీ తక్కువ. అమాయకుడికి ఆలోచన ఉండదు, లోభం ఉండదు, తగాదా ఉండదు, అందుకే అతనికి కథ కూడా ఉండదు. కథంతా అతన్ని మోసం చేసేవాడిదో, కాపాడేవాడిదో అవుతుంది. లె గ్విన్ నవలలో ఆ అడవి మనుషుల వైపు సెల్వర్ అమాయకుడు కాడు. చంపడం అనే పనిని తన జనానికి నేర్పినవాడు అతనే. గెలిచిన తరువాత ఆ నేర్చుకున్నదాన్ని మరిచిపోలేరని అతనికి తెలుసు. డేవిడ్‌సన్ పాత్ర అచ్చు బొమ్మే అయినా సెల్వర్ పాత్ర వల్ల ఆ పుస్తకం నిలబడింది.

మన పాత కథల్లోకి వెళితే ఈ మూసలు దొరుకుతాయా అని మళ్లీ వెతికాం. కొన్ని దొరుకుతాయి. పులుల మధ్య ఆడుకుంటూ దొరికిన బిడ్డ సమ్మక్క. దొరికిన బిడ్డ అనే కథ లోకమంతా ఉంది. కానీ మేము విన్న కథలో ఆ బిడ్డ ఎవరి కూతురో తేలదు, తేలాలని ఎవరూ అడగరు. కోయ గూడెంలో పెరిగింది, కోయ బిడ్డే. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం వస్తుంది. జంపన్న సంపెంగవాగులో పడి చనిపోతాడు, వాగుకు అతని పేరు వస్తుంది. సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనిపించకుండా పోతుంది, కుంకుమ భరిణె దొరుకుతుంది. పట్టాభిషేకం లేదు. గోండుల గాథలో గుహలో బందీలైన దేవతలను పహండి కుపార్ లింగల్ విడిపిస్తాడు. ప్రధాన్లు కిక్రీ వాయిస్తూ అది పాడతారు. ఆ కథ లింగల్‌ను రాజును చేసి ముగియదు. నాలుగు దేవతలవాళ్లు, ఐదు దేవతలవాళ్లు, ఆరు, ఏడు దేవతలవాళ్లు ఎలా ఏర్పడ్డారో, ఎవరు ఎవరికి అన్నదమ్ములో, ఎవరింటి పిల్లను ఎవరింటికి అడగవచ్చో చెబుతుంది. మాయల కథ చుట్టరికాల్లోకి వచ్చి ఆగుతుంది. ఇంత కొత్త ముగింపు మన ఇంట్లోనే ఉంటే మేము రాజకుమారుడిని గుర్రం మీద తిప్పుతూ కూర్చున్నాం. అయితే వీటిని కూడా సినిమా కొలతకు కత్తిరించి, సమ్మక్కకు కిరీటం పెట్టి, లింగల్ చేతికి ఖడ్గం ఇచ్చి రాసే ప్రమాదం ఉంది. మాలో ఇద్దరు అప్పుడే రాశారు కూడా.

టీచర్లు పిల్లల చేత మాయల కథలు మాన్పించాలని మేము అనడం లేదు. ఈకల మనుషుల కథ రాసిన పిల్లవాడిని వాళ్ల పంతులు తిట్టలేదు. ఆ కాగులో ఏం ఉడుకుతోంది, ఎవరు వండుతున్నారు అని అడిగారు. పిల్లవాడు కాసేపు తల గోక్కుని, మా పెద్దమ్మ అన్నాడు, జొన్న గటక అన్నాడు. కట్టేసిన హీరోకు కూడా పెట్టిందట.

మా మిత్రుల రాతప్రతి ఇప్పుడు మూడోసారి నడుస్తోంది. రెండోసారి రాసినప్పుడు గుహలోని ముసలమ్మ మహా మంచిదైపోయింది. అన్నీ తెలిసిన తల్లి, నవ్వుతూ మూలిక ఇచ్చేస్తుంది. టీచరమ్మ అది విని, మీ నాయనమ్మ ఎవరికైనా నవ్వుతూ ఏదైనా ఇచ్చిందా అని అడిగింది. ఇవ్వలేదట. కోడలితో పడక వేరే గుడిసె వేసుకున్న మనిషట, పొగాకు ఇస్తేగాని వేరు తీసేది కాదట. మూడో ప్రతిలో ఆమె పొగాకు అడుగుతుంది, రాజకుమారుడి దగ్గర ముత్యాల హారం ఉందిగాని పొగాకు లేదు. గూడెం పెద్ద కూతురు బాణం వచ్చే వేళకు అక్కడ ఉండదు, తెల్లవారుజామునే ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లిపోయింది. రాజకుమారుడు ఏమవుతాడో రాసినవారు ఇంకా తేల్చలేదు.